పెట్రోలు తగ్గుతుందని పెద్ద కారు కొనొచ్చా?

ప్రశ్న: సార్, మాది ఉప్పల్. ఆఫీసు రాయదుర్గంలో. వారానికి మూడు రోజులు కారులో, రెండు రోజులు మెట్రోలో వెళ్తాను. చిన్న కారు, సిటీలో లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుంది. నెలకు 900 కిలోమీటర్ల దాకా తిరుగుతాను. ముడిచమురు పడిపోతోంది, పెట్రోలు పది రూపాయలైనా తగ్గుతుందని ఆఫీసులో అంటున్నారు. ఆ ఖర్చు ఎలాగూ తగ్గుతుంది కదా అని 10 లక్షల లోను తీసుకుని ఏడు సీట్ల బండి కొందామనుకుంటున్నాను. అమ్మానాన్నలతో సూర్యాపేట వెళ్లాలంటే ఇప్పటి కారు ఇరుకు. చేతికి వచ్చే జీతం 95 వేలు, ఇంటి లోను ఈఎంఐ 32 వేలు. కొనమంటారా?

జవాబు: ముందు ఆ పది రూపాయల సంగతి చూద్దాం. 2014 జూన్‌లో పీపా 110 డాలర్ల పైన ఉన్న ముడిచమురు 2016 జనవరికి 30 డాలర్ల కిందికి దిగింది. బంకులో ధర ఆ లెక్కన పడిందా? పడలేదు. ఆ మధ్యలో కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని తొమ్మిది సార్లు పెంచింది. పెట్రోలు మీద పెరిగింది మొత్తం 11.77 రూపాయలు. 2020లో లాక్‌డౌన్‌కి చమురు కుప్పకూలినప్పుడు కూడా, ఒక్క మే నెలలోనే లీటరు పెట్రోలు మీద 10 రూపాయలు వేశారు. అక్కడ ముడిచమురు తగ్గినంత మాత్రాన ఇక్కడ మన జేబులోకి వస్తుందని నమ్మకం పెట్టుకోకండి. 2024 మార్చిలో ఢిల్లీలో లీటరుకు 2 రూపాయలు తగ్గిస్తే, హైదరాబాద్‌లో 109.66 నుంచి 107.41కి, అంటే 2.25 తగ్గింది. పెట్రోలు మీద మన రాష్ట్రం వేసే పన్ను, అంటే వ్యాట్, 35.2 శాతం, ఢిల్లీ కంటే ఎక్కువ. అసలు ధర తగ్గితే దాని మీద పన్ను కూడా తగ్గుతుంది, అందుకే ఆ పావలా తేడా. పెరిగినప్పుడూ ఇదే లెక్క పనిచేస్తుంది, ఆ బాధ వేరే.

సరే, మీ వాళ్లు చెప్పినట్టే తగ్గిందనుకుందాం. లెక్క కోసం 107 నుంచి 97కి. ఇప్పుడు మీకు నెలకు 60 లీటర్లు పడుతుంది, 6,420 రూపాయలు. పది తగ్గితే మిగిలేది 600. ఏడు సీట్ల పెట్రోలు బండి మన ట్రాఫిక్‌లో లీటరుకు 10 ఇస్తుందనుకుంటే అదే 900 కిలోమీటర్లకు 90 లీటర్లు కావాలి. 97 చొప్పున 8,730 రూపాయలు. ధర తగ్గాక కూడా మీ బిల్లు ఇప్పటికంటే 2,310 ఎక్కువ! కొత్త బండితో పాత బిల్లే రావాలంటే లీటరు 71 రూపాయలకు దిగాలి.

ధర తగ్గితే జనం విపరీతంగా తిరుగుతారని అనుకుంటాం గానీ, నిజానికి అంత తేడా ఉండదు. అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచార సంస్థ 2014లో చెప్పిన లెక్క ప్రకారం, అక్కడ పెట్రోలు ధర పాతిక నుంచి యాభై శాతం పడితే గానీ కారు ప్రయాణం ఒక్క శాతం పెరగదు. ఆఫీసు ఎక్కడుందో అక్కడికే కదా వెళ్తాం. బండి మార్చడం మాత్రం వేరు. తిరుగుడు పెరిగితే వచ్చే నెల తగ్గించుకోవచ్చు, తాగుబోతు బండి కొంటే ఏడెనిమిదేళ్లు దాని దాహం తీర్చాల్సిందే. అప్పటికి పెట్రోలు ఎంతుంటుందో ఎవరికి తెలుసు?

ఈ దెబ్బ నేనూ తిన్నాను. 2012లో పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరుకు 25 రూపాయల పైనే తేడా. దాన్ని చూసి లక్ష ఎక్కువ పెట్టి డీజిల్ కారు కొన్నాను. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, ఆ తేడా కరుగుతూ వచ్చింది. నేను తిరిగేది నెలకు 600 కిలోమీటర్లు. ఆ లక్ష ఇప్పటికీ తిరిగి రాలేదు. ఇంట్లో ఆ మాట ఎత్తరు, అదొక్కటే అదృష్టం.

మీ విషయంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈఎంఐ. 10 లక్షలు, 9 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే నెలకు 16 వేల పైచిలుకు. ఇంటి లోనుతో కలిపి 48 వేలు, జీతంలో సగం. మిగిలే 600 రూపాయలను చూసి 16 వేలు నెత్తిన పెట్టుకోవడమేమిటి? నా సలహా, కొనకండి.

పెట్రోలు నిజంగానే తగ్గితే మాత్రం ఒక జాగ్రత్త తీసుకోండి. బంకులో "రెండు వేలకు కొట్టు" అనే అలవాటు మనలో చాలామందికి ఉంటుంది. ధర తగ్గినా అదే రెండు వేలు ఇస్తాం, ట్యాంకులో రెండు లీటర్లు ఎక్కువ పడతాయి, ఎలాగూ ఉంది కదా అని తిప్పేస్తాం. మిగిలిందేమీ కనబడదు. అందుకే లెక్క రూపాయల్లో కాదు, లీటర్లలో పెట్టుకోండి: నెలకు 60, అంతే. మెట్రో రోజులు కూడా వదలకండి. మీకు రానూపోనూ 60 కిలోమీటర్లు అనుకుంటే 97 రూపాయల ధరకు కూడా ఒక్క రోజుకి 388 అవుతుంది. నెలలో మూడు రోజులు మెట్రో మానేసి కారు తీశారంటే, టికెట్టు డబ్బులు మినహాయించినా మీ 600 మిగలదు. మిగిలితే అత్యవసర నిధిలో వేయండి. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. కనీసం ఆరు నెలల ఖర్చు, ఈఎంఐతో కలిపి, బ్యాంకులో ఉందా?

ఇక అమ్మానాన్నల సంగతి. సూర్యాపేట ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారు? నాలుగైదు సార్లు వెళ్లినా ఆ రోజులకు ఏడు సీట్ల బండి డ్రైవరుతో సహా అద్దెకు తీసుకోండి. ఏడాది మొత్తం కలిపినా మూణ్నాలుగు నెలల ఈఎంఐ కాదు. సంక్రాంతికి మాత్రం ముందే మాట్లాడుకోండి, భోగికి రెండు రోజుల ముందు అడిగితే విజయవాడ రోడ్డు మీద రేటు వాళ్లు చెప్పిందే.