పొలం కింద బంగారం ఉందట, సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న: మేం ఉప్పల్‌లో ఉంటాం. సొంతూరు అనంతపురం వైపు. అక్కడ నాన్న స్వార్జితం, నాలుగెకరాల పట్టా పొలం ఉంది. వీలునామా రాయకుండానే పోయారు. పొలం కౌలుకిచ్చాం, వేరుసెనగ వేస్తున్నారు. ఈమధ్య ఒక బంగారు గనుల కంపెనీవాళ్లు డ్రిల్లింగ్ బండి దింపారు. ఇప్పుడు స్టాంప్ పేపరు మీద సంతకం పెట్టమని అమ్మ చుట్టూ తిరుగుతున్నారు. భూమి లోపలిది ప్రభుత్వానిది, మీరు కాదనడానికి లేదంటున్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజమండీ. 1957 నాటి గనుల చట్టం 24ఏ సెక్షన్ ప్రకారం లైసెన్సో లీజో ఉన్న కంపెనీ ఆ హద్దుల్లోని పొలంలోకి రావచ్చు. ఇంటి దొడ్లోకి రావాలంటే మాత్రం మీ ఒప్పుదలైనా ఉండాలి, ఏడు రోజుల ముందు రాతపూర్వక నోటీసైనా ఇవ్వాలి. అంతమాత్రాన పొలం వాళ్లదైపోదు. పైన సాగుచేసుకునేవారికి జరిగే నష్టానికి పరిహారం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది.

అందుకని ముందు వాళ్ల కాగితం చూపించమనండి. అందులో మీ సర్వే నంబరు ఉందా? గనుల శాఖ జిల్లా కార్యాలయానికి పది రూపాయల ఆర్టీఐ అర్జీ పోస్టులో పంపితే 30 రోజుల్లో జవాబివ్వాలి. లైసెన్సు గానీ ప్రభుత్వ అనుమతి గానీ లేకుండా బండి దింపి ఉంటే తహసీల్దారుకు ఫిర్యాదు ఇవ్వండి, సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) అడగొచ్చు.

మీరు పంపిన స్టాంప్ పేపరు ఫొటో చూశాను. పైన 'అభ్యంతరం లేదు' అని ఉంది, కింద మూడో పేరాలో 'నేను గానీ నా వారసులు గానీ ఇకపై పరిహారం కోరబోము' అని ఉంది. సర్వే నంబరు చోట ఖాళీ! సంతకం పెట్టొద్దు. పైగా అమ్మగారొక్కరే పెడితే చెల్లదు. ఆవిడకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటాలుంటాయి. 1బీలో (రెవెన్యూ శాఖ భూమి హక్కుల రికార్డులో) ఇంకా నాన్నగారి పేరే ఉంటే వెంటనే మ్యుటేషన్, అంటే వారసుల పేర్లకు మార్పు, చేయించండి. లేకపోతే రేపు పరిహారం చెక్కు పోయినవాళ్ల పేరు మీద వచ్చి ఆగిపోతుంది.

పరిహారం ఏటా ఇస్తారు. అలాంటి భూమి మీద గత మూడేళ్లలో వచ్చిన నికరాదాయం సగటే లెక్క. వాన ముఖం చాటేసిన ఏడు మీ చేను ఒక్కటే చూపించి తక్కువ కడతామంటే ఒప్పుకోవద్దు, చుట్టుపక్కల చేల లెక్క కూడా తీయమనండి. పంట అమ్మిన మార్కెట్ యార్డు రసీదులు దాచుకోండి. పంట పోతే నష్టపోయేది కౌలుదారు కాబట్టి ఆయన్ను పక్కన పెట్టి బేరం చేసుకోకండి. చట్టం మాట అటుంచండి, రేపు మీకు సాక్షి ఆయనే.

అమ్మడం, అమ్మకపోవడం మీ ఇష్టం. ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వమే సేకరించాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలి. తవ్వకానికి ముందు పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే వెళ్లండి. బంగారం తీయడానికి సైనైడ్ విషం వాడతారా, బోర్ల నీళ్ల సంగతేంటి అని అడిగి, మినిట్స్‌లో (సభ నమోదు పత్రంలో) రాయించండి.

ఈలోగా ఎవరొచ్చినా 'పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు, కాగితం ఇచ్చి వెళ్లండి' అని చెప్పమనండి అమ్మగారిని.