రాతి గ్రహాల వాతావరణం కాలక్రమంలో ఎలా పెరుగుతుంది, ఎలా తరుగుతుంది?

రాతి గ్రహపు వాతావరణం ఎడతెగని జమాఖర్చు: అగ్నిపర్వతాలు, ఉల్కల తాకిళ్లు వాయువులను జమచేస్తుంటే, కొన్ని అంతరిక్షంలోకి జారిపోతాయి, కొన్ని రాళ్లలో చిక్కుకుంటాయి. పైపొరల్లో హైడ్రోజన్ వంటి తేలిక వాయువులు సూర్యకిరణాల వేడికి ఎంతో వేగం పుంజుకుంటాయి కనుక గురుత్వాకర్షణ వాటిని పట్టి ఉంచలేదు. రాళ్ల వాటా మాత్రం మన కళ్లముందే ఉంది: ఓరుగల్లు ఏకశిల గుట్ట మీద పడే వాన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకొని, గ్రానైటులోని ఖనిజాలను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తినేస్తూ, ఆ కార్బన్‌ను వాగుల వెంట సముద్రం వైపు సాగనంపుతుంది, అక్కడ అది సున్నపురాయిగా పేరుకుంటుంది. అంగారకుడిపై జమకన్నా ఖర్చే ఎక్కువైంది. నేడు అక్కడి వాయుపీడనం భూమి మీదున్నదానిలో 1 శాతం కన్నా తక్కువ. అయస్కాంత క్షేత్రం లేనిదే వాతావరణం నిలవదని చాలామంది నమ్ముతారు గాని, సొంత అయస్కాంత క్షేత్రమే లేని శుక్రుడిపై పీడనం భూమికి సుమారు 90 రెట్లు.