సేఫ్టీ చెక్‌లిస్టులు రాయబోతున్న నీకు

చిరంజీవికి, ఆశీస్సులు.

ఫ్యాక్టరీలో సేఫ్టీ చెక్‌లిస్టులన్నీ తిరగరాసే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. కుర్చీలోంచి లేవకుండా నింపగలిగే చెక్‌లిస్టు దేనికీ పనికిరాదు. ఇది ముందుగా మనసులో పెట్టుకో. ప్రతి వరుసా మనిషిని మిషను దగ్గరికి నడిపించాలి, ఏదో ఒకటి కొలిపించాలి, లేదా చేత్తో తాకించాలి.

సానపట్టే గ్రైండర్ సంగతి చూడు. "గ్రైండర్ బాగుందా?" అని అడిగితే ఎవరైనా టిక్కు పెట్టేస్తారు. "రాయికీ టూల్ రెస్టుకీ (ముక్కను ఆనించే పలకకీ) మధ్య సందు ఎంత?" అని అడుగు. అది 3 మిల్లీమీటర్లు దాటకూడదు. రాయి అరిగేకొద్దీ సందు పెరుగుతుంది. పట్టుకున్న ముక్క అందులో ఇరుక్కుంటే రాయి పగిలి ముఖానికి తగులుతుంది, లేదా చెయ్యి లోపలికి లాగేసుకుంటుంది. పైన ఉండే గార్డు పలకకీ రాయికీ మధ్య సందుకైతే 6 మిల్లీమీటర్లు హద్దు. కొలవడానికి ఆ మందాల రేకు ముక్కలు రెండు గ్రైండర్ పక్కనే కట్టి ఉంచు. కొలవడమూ సర్దడమూ రాయి పూర్తిగా ఆగాకే.

ఒకే కాగితం అన్నిటికీ వాడాలన్న ఆశ వద్దు. మంటలార్పే సిలిండర్లే చూడు. పౌడర్ సిలిండర్‌కి నెలనెలా ఒత్తిడి చూపే గేజి ముల్లు పచ్చభాగంలో ఉందా, పిన్నూ సీలూ ఉన్నాయా, గొట్టం పగిలిందా, ముందు సామాను అడ్డుందా అని చూస్తాం. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి మామూలుగా గేజి ఉండదు. తూకం వేసి, దాని మీద చెక్కిన బరువుతో పోల్చాలి. రెంటికీ ఒకే ఫారం ఇస్తే లేని గేజికి కూడా టిక్కు పడుతుంది. అందులో తప్పు ఫారానిదే.

కరెంటు ఆపి చేసే రిపేరు పనికి మాత్రం వరుసక్రమమే ప్రాణం. ఇక్కడ ఒక మెట్టు చదవాలి, చెయ్యాలి, ఆ తర్వాతే రెండోది చదవాలి. మిషను ఆపడం, దానికి వచ్చే సప్లయిలన్నీ వేరుచేయడం, పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ వేరుచేసిన చోట సొంత తాళం వేసుకోవడం, మిగిలిన గాలి ఒత్తిడి, స్ప్రింగు బిగువు, కెపాసిటర్ ఛార్జి వదిలించడం, చివర టెస్టర్‌తో చూడడం. టెస్టర్‌ని ముందు కరెంటున్న చోట, తర్వాత పని చేయాల్సిన చోట, మళ్లీ కరెంటున్న చోట పెట్టాలి. ఆ మూడోసారి పరీక్షనే ఎక్కువగా ఎగ్గొడతారు. మధ్యలో టెస్టరే పాడైతే, ఉన్న కరెంటు కూడా లేనట్టే చూపిస్తుంది. అందుకే ఆ మూడింటినీ మూడు వేరు వరుసలుగా రాయి.

పొడవు విషయంలో కఠినంగా ఉండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్లకు తెచ్చిన చెక్‌లిస్టులో మొత్తం 19 అంశాలే. వాటినీ మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగిని థియేటర్ దాటించేముందు అని మూడు చోట్లకు పంచారు. నువ్వూ పని ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆపి అడుగు.

ప్రతి వరుస పక్కన అది ఏ నిబంధన నుంచి వచ్చిందో, ఆ సెక్షన్ నంబరు చిన్న అక్షరాల్లో వేయి. రూలు మారిన రోజు ఏ వరుస దిద్దాలో వెతుక్కోనక్కర్లేదు. ఫారానికి వెర్షన్, తేదీ ఉండాలి. పాత కాపీలు ఫ్లోర్ మీద మిగలకూడదు.

లోపం రాసిన చోటే ఎవరు సరిచేస్తారు, ఎప్పటికి, అంతదాకా మిషను ఆపాలా అన్న గడులు పెట్టు. నెలల తరబడి తెరిచే ఉన్న లోపం, యాజమాన్యానికి తెలిసీ ఊరుకుందనడానికి సంతకంతో సహా సాక్ష్యమవుతుంది.

నెలంతా ఒక్క లోపమూ రాకపోతే సంతోషించకు, వెళ్లి చూడు. ఒకే సిరాతో, ఒకే ఊపులో పడిన టిక్కులు కనిపిస్తాయి. మనిషిని తిట్టేముందు తనిఖీకి షిఫ్టులో సమయం ఇచ్చారా అని అడుగు. లోపం రాసినందుకు ఒకసారి చీవాట్లు తిన్నవాడు మళ్లీ రాయడు.

మొదటి చిత్తుప్రతి ఆఫీసులో ఎవరికీ చూపించకు. నైట్ షిఫ్టు ఆపరేటర్‌కి ఇచ్చి, నోరు మెదపకుండా పక్కన నిలబడు. అతను ఆగి నీవైపు చూసిన ప్రతి వరుసనూ తిరగరాసి, నాకు పంపు.