లేగదూడకు బీసీజీ (టీబీ టీకా) వేశాక రక్తపరీక్షలో రీడింగ్ బాగా వస్తే, ఆరు వారాలకు ఇంకో డోసు వేయొచ్చా?

వద్దండి. మీ ట్రయల్‌లో దూడలకు పుట్టిన రోజే బీసీజీ వేశారు, మూడో వారంలో రక్తంలో ఇంటర్‌ఫెరాన్ గామా (క్రిమిని గుర్తుపట్టిన రోగనిరోధక కణాలు వదిలే ప్రోటీన్) బాగా వచ్చింది, ఇప్పుడు ఇంకోటి వేస్తే రక్షణ ఇంకా గట్టిపడుతుందేమో అని కదా మీ ప్రశ్న. సరిగ్గా ఇదే న్యూజిలాండ్‌లో చేసి చూశారు. పుట్టగానే ఒకసారి వేసిన దూడలకు మంచి రక్షణ వచ్చింది. వాటిలాగే పుట్టగానే వేసి, ఆరు వారాలకు మళ్లీ వేసిన దూడల్లో రక్షణ తగ్గింది. 2003లో వచ్చిన ఫలితం అది.

నేను కొన్నేళ్లు దూడల రక్తంతో ఈ ఇంటర్‌ఫెరాన్ గామా పరీక్షే చేశాను. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఉన్న ట్యూబుల్లో తీసి, ఒక భాగానికి ఆవుల టీబీ క్రిమి ట్యూబర్‌క్యులిన్ (ఆ క్రిమి ప్రోటీన్ల సారం), ఇంకో భాగానికి పక్షుల టీబీ క్రిమిది కలిపి, మూడోదాన్ని ఉత్తిగా వదిలి, రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచేవాళ్లం. మర్నాడు ప్లాస్మా తీసి, అందులో ఇంటర్‌ఫెరాన్ గామా ఎంతుందో ఎలైసా పరీక్షతో కొలిచేవాళ్లం. పక్షులది ఎందుకంటే, మట్టిలో, నీళ్లలో ఉండే ఆ జాతి క్రిములకూ దూడ స్పందిస్తుంది. ఆ వాటా తీసేస్తే గానీ అసలు సంగతి తేలదు.

రీడింగ్ పెరిగితే నాకూ సంబరంగానే ఉండేది. ఒకసారి ఒక బ్యాచ్ మొత్తం పడిపోయింది. టీకా పాడైందనుకుని రెండు రోజులు ఒకటే టెన్షన్. తీరా చూస్తే, ఆ ట్యూబుల్ని రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పని మొదలుపెట్టింది నేనే. రక్తం తాజాగా ఉండాలి, చల్లబడకూడదు. కణాలు నీరసిస్తే టీకా ఏం చేస్తుంది?

ఆ తర్వాత మా సీనియర్ చెప్పిన మాట ఇంకా పెద్ద దెబ్బ. ఇంటర్‌ఫెరాన్ గామా వచ్చిందంటే టీ కణాలు (రోగనిరోధక కణాల్లో ఒక రకం) క్రిమిని గుర్తుపట్టాయని మాత్రమే అర్థం. అది క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ కణాలను నిద్రలేపుతుంది, నిజమే. అది అసలు రాకపోతే టీకా పట్టలేదేమో అని అనుమానించాలి. కానీ ఎంత ఎక్కువ వస్తే అంత రక్షణ అనే లెక్క లేదు. జబ్బు ముదిరిన పశువులోనూ అది బాగానే పెరుగుతుంది! రక్తకణాలను రెండు వారాలదాకా పెంచి, ఆ తర్వాత ఎన్ని కణాలు స్పందిస్తున్నాయో లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. అందులో కనిపించేది జ్ఞాపక కణాల బలం. రక్షణతో దానికే ఎక్కువ పొంతన కనిపించింది. మీ దగ్గర ఓపిక, వసతి ఉంటే అది చేయండి.

పుట్టగానే వేసింది ఎందుకు అంత బాగా పడుతుందంటే, లేగదూడ రక్తంలో గామా డెల్టా అనే రకం టీ కణాలు పెద్ద ఆవులో కన్నా చాలా ఎక్కువ. సోకిన కణాలను చంపే ఎన్‌కే కణాలూ చురుగ్గా ఉంటాయి. మట్టిలో ఉండే ఆ చుట్టపు క్రిములతో దానికింకా పరిచయం కాలేదు, అదీ కలిసొస్తుందని చాలామంది అభిప్రాయం. ముర్రుపాలతో వచ్చే యాంటీబాడీల మీద మాత్రం ఇక్కడ ఆశ పెట్టుకోకండి. టీబీ క్రిమి కణాల లోపల దాక్కుంటుంది, అక్కడికి అవి చేరలేవు.

అసలు బీసీజీ పుట్టిందే ఆవు క్రిమి నుంచి. కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు దాన్ని పదమూడేళ్లు, 230 సార్లు మార్చి మార్చి పెంచి 1921లో మనుషులకు తెచ్చారు. గెరాన్ పశువైద్యుడే.

బూస్టర్ అంటే ఎప్పుడూ చెడ్డదనీ కాదు. పుట్టగానే వేసిన టీకా 12 నెలలకు కాపాడింది, 24 నెలలకు కాపాడలేదు. అలా తగ్గిపోయాక, రెండేళ్లకు మళ్లీ వేస్తే రక్షణ తిరిగి పెరిగిందని 2014లో చూపించారు. కాబట్టి మీరు తొందరపడుతున్నారంతే.

ఇంకోటి, మీ దూడలకు ట్యూబర్‌క్యులిన్‌తో చేసే మామూలు స్కిన్ టెస్ట్ ఇప్పుడే చేయించకండి. టీకా వల్లే మెడ మీద వాపు వచ్చి పాజిటివ్ అనిపించొచ్చు. ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 ప్రోటీన్లతో చేసే పరీక్ష అడగండి. వాటి జన్యువులు బీసీజీలో లేవు కాబట్టి, వాటికి దూడ స్పందించిందంటే అది టీకా పని కాదు, అసలు క్రిమే సోకిందని అనుమానించాలి.