ప్రపంచకప్ లేదు, స్పెయిన్ లీగ్ లా లిగా లేదు, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ లేదు. అయినా స్పెయిన్ ఫుట్‌బాలర్ సాంటి కజోర్లా పేరెత్తితే లండన్ క్లబ్ ఆర్సెనల్ అభిమానులు ఎందుకంత మురిసిపోతారు?

కప్పుల లెక్కే చూస్తే మీరు అడిగినదానిలో తప్పేం లేదు. 2008, 2012 యూరో కప్పులు గెలిచిన స్పెయిన్ జట్టులో కజోర్లా ఉన్నాడు, కానీ షావి, ఇనియెస్టా ఉన్న మిడ్‌ఫీల్డ్‌లో ఎవరికైనా మిగిలేది బెంచీయే. 2008 ఫైనల్లో కూడా డేవిడ్ సిల్వా బదులు రెండో సగంలోనే దిగాడు. 2010 ప్రపంచకప్ నాటికి నడుములో డిస్క్ సమస్య వచ్చి ఎంపికే కాలేదు. సరిగ్గా ఆ ఏడాదే స్పెయిన్ గెలవాలా!

కానీ అతన్ని స్టేడియంలో చూసినవాళ్లు కప్పుల గురించి మాట్లాడరు. రెండు కాళ్ల గురించి మాట్లాడతారు.

నేను 2014–15లో లండన్‌లో చదువుకున్నాను. కాలేజీలో మిడ్‌ఫీల్డ్ ఆడినవాణ్ణి కాబట్టి మ్యాచ్‌కి వెళ్తే నా చూపు గోల్ దగ్గర కంటే మధ్యలోనే ఉండేది. టీవీలో కెమెరా బంతి వెనకే పోతుంది. ఆర్సెనల్ స్టేడియం ఎమిరేట్స్‌లో పై వరుసలో కూర్చుంటే బంతి రాకముందు ఆటగాడు ఏం చేస్తున్నాడో కనిపిస్తుంది. కజోర్లా తల ఊరికే ఉండదు, అటోసారి ఇటోసారి వెనక్కి చూస్తూనే ఉంటాడు. బంతి అందేసరికి ఎటు తిరగాలో ముందే తేల్చుకుని ఉంటాడు. మీద పడే డిఫెండర్‌కి అసలు తలనొప్పి ఏంటంటే, ఏ పక్క మూయాలో తెలియదు. మామూలు ఆటగాడైతే బలమైన కాలి వైపు కాపు కాస్తే చాలు. ఇతను ఎడమ పక్క కార్నర్ కుడి కాలితో, కుడి పక్క కార్నర్ ఎడమ కాలితో కొట్టేవాడు. పుట్టుకతో కుడికాలివాడే, కానీ ఆ సంగతి చెబితే తప్ప తెలియదు.

ఆ సీజన్‌లోనే అతని ఆట మలుపు తిరిగింది. అప్పటిదాకా వింగ్‌లోనో స్ట్రైకర్ వెనకో ఆడేవాడు. కోచ్ వెంగర్ అతన్ని వెనక్కి దించి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ కొక్లాన్ పక్కన పెట్టాడు. అయిదడుగుల ఆరంగుళాల మనిషిని డిఫెన్స్ ముందు నిలబెట్టడమేంటని చాలామంది నవ్వారు. 2015 జనవరి 18న మాంచెస్టర్ సిటీ గ్రౌండ్‌లో ఆర్సెనల్ 2–0తో గెలిచింది. మొదటి గోల్ కజోర్లా పెనాల్టీ, రెండోది అతని ఫ్రీకిక్‌కి స్ట్రైకర్ జిరూ తలతో కొట్టింది. కానీ ఆ మ్యాచ్ గుర్తుండేది గోల్స్ వల్ల కాదు. సిటీ వాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి మీదికొచ్చినా, బంతి పోనివ్వకుండా వాళ్ల మధ్య నుంచే తిరిగి బయటికొచ్చాడు. అంతకుముందు ఏడాది ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో హల్ సిటీ మీద 0–2తో వెనకబడ్డప్పుడు ఫ్రీకిక్‌తో జట్టును లేపిందీ అతనే. ఆ మ్యాచ్ 3–2తో గెలిచి ఆర్సెనల్ తొమ్మిదేళ్ల తర్వాత ఒక ట్రోఫీ ముఖం చూసింది.

ఇక కాలి సంగతి. 2016 అక్టోబర్‌లో లుడోగొరెట్స్‌తో చాంపియన్స్ లీగ్ మ్యాచ్ ఆడాడు. ఆర్సెనల్ తరఫున అతనికి అదే ఆఖరు. మడమ నొప్పికి ఆపరేషన్ చేస్తే గాయం మానలేదు, ఇన్ఫెక్షన్ పట్టింది, గాంగ్రీన్ దాకా పోయింది. స్పెయిన్‌లోని విటోరియాలో డాక్టర్ మళ్లీ కోసి చూస్తే, బ్యాక్టీరియా పిక్కని మడమకి కలిపే ఎకిలిస్ టెండన్‌ని దాదాపు 8 సెంటీమీటర్లు తినేసింది. మీ అబ్బాయితో తోటలో నడవగలిగితే చాలనుకో అని డాక్టర్లు చెప్పారట. మడమ కప్పడానికి చేతి మీది చర్మం తీసి అతికించారు. ఆ చోట కూతురి పేరు పచ్చబొట్టు ఉండేది, అది సగం చేతి మీద, సగం కాలి మీదకి వచ్చింది. కూతురి పేరేంటో తెలుసా? ఇండియా!

నాకూ మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయింది. దీనితో పోలిస్తే అది జలుబు లాంటిది. అయినా ఫిజియో అంతా బాగుందన్నాక కూడా ఎవరైనా టాకిల్‌కి వస్తే నా కాలు దానంతటదే వెనక్కి పోయేది. అంతకుముందున్న వేగం మళ్లీ రాలేదు. అందుకే 2018లో స్పెయిన్ క్లబ్ విల్లారియల్ అతన్ని తీసుకున్నప్పుడు, పాత ఆటగాడి మీద అభిమానంతో చేశారేమో అనుకున్నాను. 2019 జనవరిలో రియల్ మాడ్రిడ్ మీద 2–2లో విల్లారియల్ గోల్స్ రెండూ అతనే కొట్టాడు. అదే ఏడాది స్పెయిన్ జట్టు నుంచి మళ్లీ పిలుపొచ్చింది. 2019–20లో లా లిగాలో 11 గోల్స్. పరుగు మీద బతికే వింగర్‌కి ఈ గాయం అయ్యుంటే కెరీర్ అక్కడితో అయిపోయేదని నా నమ్మకం. ఇతని ఆటకు పరుగు పెద్దగా అక్కర్లేదు. ముందే చూసే కళ్లు, రెండు కాళ్లు చాలు.

తర్వాత ఖతార్‌లో షావి కోచ్‌గా ఉన్న అల్ సద్‌కి ఆడాడు. డబ్బు వచ్చింది, టైటిల్స్ వచ్చాయి. అంతకుమించి దాని గురించి చెప్పడానికి నాకేం లేదు.

అసలు కథ ఒవియెడోలో ఉంది. కజోర్లాది అస్టూరియాస్‌లోని లానేరా, ఒవియెడో పక్కనే. చిన్నప్పుడు రియల్ ఒవియెడో అకాడమీలోనే నేర్చుకున్నాడు. 2003లో క్లబ్ అప్పుల్లో మునిగి నాలుగో డివిజన్‌కి పడిపోవడంతో, సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే విల్లారియల్‌కి వెళ్లిపోయాడు. 2012లో క్లబ్ మూతపడేలా ఉంటే అభిమానులు రకరకాల దేశాల నుంచి షేర్లు కొని నిలబెట్టారు. అక్కడ పెరిగిన ఆటగాళ్లు మాటా, మిచూలతో పాటు ఇతనూ కొన్నాడు. 2023లో, 38 ఏళ్ల వయసులో, రెండో డివిజన్‌లో ఉన్న ఆ క్లబ్‌కే తిరిగొచ్చాడు. ఊరికే ఆడతానన్నాడు. రూల్స్ ఒప్పుకోవు కాబట్టి కనీస జీతం తీసుకున్నాడు. తన జెర్సీల అమ్మకంలో 10 శాతం అకాడమీకి వెళ్లాలని షరతు పెట్టాడు.

2024లో లా లిగాకి చేరే ప్లేఆఫ్ ఫైనల్లో ఎస్పాన్యోల్ చేతిలో ఓడిపోయారు. 2025 జూన్ 21న మళ్లీ అదే ఫైనల్, మిరాండెస్‌తో రెండో లెగ్ (రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్కేస్తారు). మొదటి లెగ్ 0–1తో పోయింది, ఇక్కడా ముందు వాళ్లే గోల్ కొట్టారు. మనకు అర్ధరాత్రి దాటాక మొదలైంది, నేను ఫోన్‌లో స్కోరు చూస్తూ కూర్చున్నాను. పెనాల్టీ తీసుకున్నది 40 ఏళ్ల కజోర్లా. గోల్! ఎక్‌స్ట్రా టైమ్‌లో 3–1తో గెలిచి ఒవియెడో 24 ఏళ్ల తర్వాత లా లిగాకి చేరింది.

మీరు అతన్ని కొత్తగా చూడాలనుకుంటే గోల్స్ కలిపి పెట్టిన వీడియోలు వద్దు, వాటిలో తల తిప్పి చూసేదంతా కత్తిరించేస్తారు. సిటీ మ్యాచ్ పూర్తిగా దొరికితే పెట్టుకుని, బంతిని వదిలేసి 19వ నంబర్ జెర్సీనే చూడండి.