తోట చూసొచ్చిన అమ్మాయి నీట్ వద్దంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. దసరా సెలవుల్లో కోనసీమలో బంధువుల కొబ్బరితోటకు వెళ్లింది. రెండెకరాలు, ప్రకృతి సేద్యం. వచ్చినప్పటి నుంచి నీట్ రాయను, వ్యవసాయమే చదువుతానంటోంది. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, విజయవాడ

జవాబు: ఇప్పుడే నీట్ మానాల్సిన పనిలేదండి. వ్యవసాయ కోర్సుల్లో చేరేందుకు రాసే ఏపీ ఈఏపీసెట్‌కూ చదవాల్సింది ఆ బైపీసీ పాఠాలే. రెండూ రాయమనండి, ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

ఇక రెండో సగం. సెలవులకు వెళ్లిన పిల్లలకు తోట పెళ్లికూతురిలాగే కనిపిస్తుంది. కొబ్బరి నీడన కోకో, మానుల మీదికి పాకిన మిరియాల తీగ, గట్టున అరటి... నచ్చకేం చేస్తుంది? అందుకే నచ్చిందా అని అడగకండి. ఎక్కడ ఎక్కువసేపు నిలబడ్డావు, ఏమేం అడిగావు అని అడగండి.

ప్రకృతి సేద్యంలో ఎరువుగా వాడే జీవామృతం డ్రమ్ము దగ్గర ఆగిందా? 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి కలిపితే రెండు రోజుల్లో లోపల ఏం జరుగుతుందని తవ్వి తవ్వి అడిగితే, ఆ బుర్ర సూక్ష్మజీవుల వైపు, నేల శాస్త్రం వైపు పోతోందని అర్థం. కొబ్బరాకు తిప్పి తెల్లదోమను చూస్తూ ఉండిపోతే కీటకశాస్త్రం. అలాగైతే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కూడా చూపించండి. ఆ దోమను చంపే శిలీంధ్రాన్ని అక్కడ పెంచుతారు. కోకో గింజలను ఎందుకు పులియబెడతారని అడిగితే ఆహార సాంకేతికత. దళారి కిలోకు ఎంత ఇస్తాడని అడిగితే మాత్రం, నాకు ఆ అమ్మాయి మీద మరింత గురి కుదురుతుంది.

గుంటూరు లాంలోని ఆచార్య ఎన్.జి.రంగా విశ్వవిద్యాలయంలో వ్యవసాయం, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో ఉద్యానం, రెండూ నాలుగేళ్ల డిగ్రీలే. చివరి సంవత్సరంలో కొన్ని నెలలు పల్లెలో రైతుల వెంట ఉండి పనిచేయాలి. తర్వాత ప్రభుత్వ శాఖలు, బ్యాంకుల వ్యవసాయాధికారి పోస్టులు, పీజీ చేస్తే పరిశోధన. ప్రైవేటు కాలేజీలో చేర్చాల్సి వస్తే ఫీజు కట్టేముందు ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందో లేదో చూడండి. సొంతంగా సేద్యమే చేస్తానంటే డిగ్రీ తప్పనిసరేమీ కాదు, ఆ మాటా దాచకుండా చెప్పండి.

సంక్రాంతికి మళ్లీ పంపండి, ఈసారి పనికి. తెల్లవారుజామున లేచి పేడ ఎత్తాలి, డ్రమ్ము కలపాలి. బంధువులు ఒప్పుకుంటే జమాఖర్చుల పుస్తకం కూడా చూడమనండి. తిరిగొచ్చాక కూడా అదే మాట అంటే, ఈఏపీసెట్ దరఖాస్తు దగ్గరుండి మీరే నింపించండి.