మీరు వెతుకుతున్న ఆల్బమ్ కెప్టెన్ బియాండ్

బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ తొలి గాయకుడి గొంతు, అయిదు మాత్రల లెక్కలో డ్రమ్ములతో మొదలయ్యే పాట, ఎక్కడా ఆగకుండా ఒక దానిలోంచి మరొక దానిలోకి సాగిపోయే పాటలు అని మీ పాత క్యాసెట్ గురించి మీరు చెప్పిన గుర్తులన్నీ కెప్టెన్ బియాండ్ అనే రాక్ బృందం 1972లో అదే పేరుతో వెలువరించిన తొలి ఆల్బమ్‌కు సరిపోతున్నాయి. ఆ గాయకుడు రాడ్ ఎవాన్స్. గిటారిస్టు లారీ రైన్‌హార్ట్, బేస్ వాయించిన లీ డోర్మన్ ఇద్దరూ ఐరన్ బటర్‌ఫ్లై అనే అమెరికన్ రాక్ బృందం నుంచి వచ్చినవారు, డ్రమ్మర్ బాబీ కాల్డ్‌వెల్ అంతకుముందు బ్లూస్ గిటారిస్టు జానీ వింటర్‌తో వాయించాడు.

ఆల్బమ్‌లోని మొదటి పాట ‘డ్యాన్సింగ్ మ్యాడ్లీ బ్యాక్‌వర్డ్స్’ ఆరంభానికి అయిదు లెక్కల ఖండ చాపు తాళం వేసి చూడండి, లెక్క చక్కగా కుదురుతుంది. ఆ పాట తర్వాతి పాటలైన ‘ఆర్మ్‌వర్త్’ మీదుగా ‘మయోపిక్ వాయిడ్’లోకి ప్రవహించి, చివర్లో తన మొదటి రిఫ్‌నే (పదే పదే వచ్చే గిటార్ పలుకునే) మళ్లీ అందుకుంటుంది. ఆ కూర్పు నైపుణ్యానికి దక్కవలసినంత పేరు దక్కలేదనే నా అభిప్రాయం.

ఇక మీ ఫోన్‌లో పాటల మధ్య వినిపిస్తున్న చిన్న మౌనం అసలు రికార్డింగులోది కాదు. ఎంపీ3గా మార్చేటప్పుడు ప్రతి ఫైలుకూ మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరుతుంది. వీలైతే అలాంటి ఖాళీ చేరని, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లు కొనుక్కుని, గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ (పాటల మధ్య విరామం లేకుండా వినిపించే సదుపాయం) ఉన్న ప్లేయర్‌లో, షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసేది) రెండూ ఆపేసి వినండి.